పరిచయాలు పుట్టే చోటు

చిట్టీ పాట దక్కడం ఒక ఎత్తు, ఆ డబ్బు చేతికి రావడం మరో ఎత్తు. పాట ముగిశాక చిట్‌ఫండ్ కంపెనీ జామీనుదారులను తీసుకురమ్మంటుంది. నెలనెలా జీతం అందుకునేవాళ్లయితే మరీ మంచిదంటుంది. కిరాణా కొట్టు నడిపే మనిషికి పక్కవీధి కొట్టాయన ఎంత ప్రాణస్నేహితుడైనా ఆ పూటకు అక్కరకు రాడు. బడిపంతులో, కరెంటాఫీసు ఉద్యోగో, బ్యాంకు గుమస్తానో కావాలి. జీతం సర్టిఫికెట్ తెచ్చి సంతకం పెట్టేపాటి నమ్మకం అతనికి ఈయన మీద ఉండాలి. పరిచయాలకు విలువ కట్టలేమంటాం గానీ, ఆ సంతకం దగ్గర మాత్రం విలువ రూపాయల్లోనే కనిపిస్తుంది.

వ్యాపారంలోకి దిగబోయేవాళ్లకు ఇవాళ అందరూ చెప్పే సలహా ఒకటుంది: నలుగురినీ కలువు, నెట్‌వర్క్ పెంచుకో. ఎవరిని కలవాలి, ఎందుకు కలవాలి, కలిశాక ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ సలహాలో జవాబుండదు. యాభై ఏళ్లుగా సామాజిక శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు సరిగ్గా ఈ ప్రశ్నల మీదే పనిచేస్తున్నారు. వాళ్లు తేల్చినదాన్నీ, మన దగ్గర పరిశ్రమలు ఎదిగిన తీరునూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. గట్టి పరిచయాలు పరిచయాల కోసమే వెళ్లినచోట పుట్టడం తక్కువ. కలిసి పనిచేసినచోట పుడతాయి. అలాంటి చోటు కొందరికి పుట్టుకతోనే దొరుకుతుంది, చాలామందికి జీవితమంతా దొరకదు. వ్యాపారంలో పరిచయాల గురించి మాట్లాడేటప్పుడు మొదట పట్టించుకోవలసిన అన్యాయం ఇదేనని నేననుకుంటాను.

దగ్గరివాళ్లా, దూరపువాళ్లా?

ఈ చర్చకు పునాది 1973లో పడింది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్నంలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి, ఆ కబురు ఎవరి ద్వారా తెలిసిందని అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. దీనికి ఆయన చెప్పిన కారణం తేలిగ్గా బోధపడుతుంది. మన ఆప్తులు చాలామటుకు ఒకరికొకరు కూడా తెలిసినవాళ్లే. వాళ్లకు తెలిసిన కబురు మనకూ చేరే ఉంటుంది. దూరపు పరిచయస్తుడు తిరిగేది మరో గుంపులో. అక్కడి వార్త మన దాకా రావడానికి అతనొక్కడే దారి.

గ్రానొవెటర్ అడిగింది కొద్దిమందినే. ఆ మాటకు పెద్ద పరీక్ష జరగడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డిన్‌లో 2 కోట్ల మంది పరిచయాలను ఐదేళ్ల పాటు గమనించింది. కొత్తవాళ్లను సూచించే పద్ధతిని కొందరికి ఒకలా, కొందరికి మరోలా మార్చి, ఎవరికి ఉద్యోగం మారే అవకాశం పెరిగిందో చూశారు. మరీ దగ్గరివాళ్ల కన్నా కాస్త దూరపువాళ్ల వల్లే మేలు ఎక్కువని తేలింది. ఆ దూరం మరీ పెరిగితే మేలు మళ్లీ తగ్గింది. ముక్కూమొహం తెలియనివాళ్లను వేలమందిని పోగుచేసుకోవడం వల్ల ఒరిగేది తక్కువన్నమాట.

షికాగో ఆచార్యుడు రోనాల్డ్ బర్ట్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. రెండు గుంపుల మధ్య ఖాళీలో నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయగలిగిన మనిషికే లాభమన్నది 1992లో వచ్చిన ఆయన పుస్తకం సారం. ఒక పెద్ద అమెరికన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సరఫరా పనులు చూసే 673 మంది మేనేజర్లను, పని మెరుగుపడాలంటే ఏం చేయాలో రాసివ్వమని ఆయన తర్వాత అడిగాడు. రాసింది ఎవరో చెప్పకుండా పై అధికారుల చేత మార్కులు వేయించాడు. వేర్వేరు విభాగాలవాళ్లతో మాటామంతీ ఉన్నవాళ్ల ఆలోచనలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. తమ విభాగంలోనే తిరిగేవాళ్లవి చాలావరకు పక్కకు పోయాయి.

అయితే ఉద్యోగం వేరు, వ్యాపారం వేరు. ఉద్యోగం వెతుక్కునేవాడికి కబురు చాలు. వ్యాపారికి కబురుతో పాటు డబ్బు కావాలి, అరువు సరుకు కావాలి, బాకీ తీర్చడానికి గడువు కావాలి. కబురు చెప్పినవాడి చేతినుంచి పోయేదేమీ లేదు. అరువిచ్చినవాడి చేతినుంచి సరుకు పోతుంది. అందుకే ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 1988లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ న్యూయార్క్ టోకు వజ్రాల వ్యాపారాన్ని ఉదాహరణగా చూపాడు. బేరం కుదరకముందే ఒక వర్తకుడు ఎంతో విలువైన రాళ్ల సంచీని ఇంకొకరి చేతిలో పెట్టి, తీరిగ్గా చూసుకోమంటాడు. రసీదు ఉండదు, బీమా ఉండదు. మంచి రాయి తీసి నాసి రాయి పెట్టినవాడికి ఆ బజారులోనే కాదు, పెళ్లి సంబంధాల్లో, ప్రార్థనామందిరంలో, ఉండే పేటలో కూడా చోటు పోతుంది. అందరూ అందరికీ తెలిసి ఉండటం కొత్త కబురుకు అడ్డమని గ్రానొవెటర్ చూపిస్తే, అరువుకు అదే ఆధారమని కోల్‌మన్ చూపించాడు.

ఈ ఇద్దరిలో ఎవరిది సరి అని వాదించుకోవడం అనవసరం. న్యూయార్క్ దుస్తుల కంపెనీల మీద బ్రయన్ ఉజీ 1990లలో చేసిన పని ఈ ముడి విప్పింది. కొద్దిమంది కాంట్రాక్టర్లతో గాఢమైన సంబంధాలున్న కంపెనీలు, ఎవరితోనూ ఏ బంధమూ లేక ధర చూసి బేరమాడే కంపెనీల కన్నా ఎక్కువ కాలం నిలబడ్డాయి. కానీ పూర్తిగా దగ్గరివాళ్ల మీదే ఆధారపడ్డవాళ్లు, ఆ దగ్గరివాడు మునిగితే తామూ మునిగారు. రెండూ కలిపి పెట్టుకున్నవాళ్ల పరిస్థితే మెరుగు. మన టోకు బజార్లలోనూ ఇది చూస్తాం. ఒకే షావుకారు దగ్గర ఏళ్ల తరబడి సరుకు తెచ్చుకునే వ్యాపారికి గడువు దొరుకుతుంది, ఆపదలో ఆదుకునే మనిషి ఉంటాడు. పక్క ఊళ్లో అదే సరుకు తక్కువకు వస్తోందన్న సంగతి మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసినా మొహమాటం అడ్డొస్తుంది.

పుట్టుకతో వచ్చినవి

కోస్తా జిల్లాల కథ ఈ విషయంలో పుస్తకాలకెక్కింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద 1852 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్టలు లేచాయి. కాలువ నీళ్లతో వరి పండింది, రెండు మూడు తరాల్లో భూమి ఉన్న కుటుంబాల దగ్గర మిగులు తేలింది. ఆ మిగులు బియ్యం మిల్లులకూ, కాంట్రాక్టులకూ, సినిమా హాళ్లకూ, తర్వాత పరిశ్రమలకూ మళ్లింది. కారల్ ఉపాధ్య 1988లో కోస్తా ఆంధ్ర రైతు పెట్టుబడిదారుల మీద రాసిన వ్యాసమూ, హరీష్ దామోదరన్ 2008లో తెచ్చిన పుస్తకమూ ఈ ప్రయాణాన్ని వివరంగా చెప్పాయి. కమ్మ, రెడ్డి, రాజు కుటుంబాలు భూమి నుంచి బజారుకు వచ్చేటప్పుడు డబ్బును మాత్రమే వెంట తెచ్చుకోలేదు. వియ్యంకులు, బావమరదులు, హాస్టల్లో చదువుకున్న ఊరివాళ్లు, పట్నంలో స్థిరపడ్డ పెద్దలు, వీళ్లంతా వెంట వచ్చారు. తొలి పెట్టుబడిలో వాటాదారు దొరికింది చాలామందికి ఆ బంధువర్గంలోనే.

ఇలాంటి అండ ఎంత బలమైనదో అంత దారి తప్పించగలదని తమిళనాడు తిరుప్పూరు చూపించింది. అక్కడి బనియన్ల పరిశ్రమ మీద అభిజిత్ బెనర్జీ, కైవాన్ మున్షీ 2004లో ప్రచురించిన అధ్యయనం నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో అతి ముఖ్యమైన వాటిలో ఒకటి. స్థానికులైన గౌండర్ల చేతిలో పొలం డబ్బు పుష్కలం. బంధువుల పిల్లవాడు ఎగుమతి కంపెనీ పెడతానంటే పెట్టుబడి తేలిగ్గా దొరికేది. బయటినుంచి వచ్చినవాళ్లు తక్కువ పెట్టుబడితో, తక్కువ యంత్రాలతో మొదలుపెట్టారు. కొన్నేళ్లకు చూస్తే వేగంగా పెరిగింది ఈ బయటివాళ్ల కంపెనీలే. అంటే డబ్బు వెళ్లింది సమర్థుల దగ్గరికి కాదు, తెలిసినవాళ్ల దగ్గరికి. ఆ అండ లేని సమర్థుడు చిన్నగానే మొదలుపెట్టవలసి వచ్చింది. దీనివల్ల నష్టపోయింది అతనొక్కడే కాదు, ఊరూ నష్టపోయింది.

ముంబయి వజ్రాల వ్యాపారంలో కథ మరో మలుపు తిరిగింది. అక్కడ మార్వాడీలు, పాలన్‌పురీ జైనులు ముందునుంచీ ఉన్నారు. వ్యవసాయ నేపథ్యం నుంచి వచ్చిన కాఠియావాడీలు రాళ్లు సానబట్టే పనిలోకి వచ్చి, అక్కడినుంచి వ్యాపారంలోకి అడుగుపెట్టారు. 1979లో ఆస్ట్రేలియాలో పెద్ద గని బయటపడి ముడి రాళ్ల సరఫరా పెరగడం వాళ్లకు కలిసొచ్చింది. సంప్రదాయంగా వ్యాపారం లేని సమాజం కూడా తనలో తాను సాయం చేసుకుంటూ ఒక వృత్తిలోంచి మరో వృత్తిలోకి ఎలా దాటగలదో మున్షీ 2011లో దీన్నే ఆధారం చేసుకుని వివరించాడు. కులబంధం ఒకరికి గోడ అయితే మరొకరికి నిచ్చెన అయింది. ఇందులో ఏది నిజమని అడిగితే రెండూ నిజమే. కానీ సానబట్టే బల్ల ముందు పక్కపక్కన కూర్చున్న ఏళ్లే లేకపోతే ఆ నిచ్చెన దొరికేది కాదన్నది మరిచిపోకూడదు.

ఆ గోడ ఎంత ఎత్తుదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. దేశంలోని 1000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన వ్యాసం ప్రకారం, సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రవర్ణాలవారు. పుణెలో మిలింద్ కాంబ్లే 2005లో దళిత పారిశ్రామికవేత్తల కోసం డిక్కీ అనే సంఘాన్ని స్థాపించడం, హైదరాబాదులో 1993లో మహిళా పారిశ్రామికవేత్తలు అలీప్ అనే సంఘంగా ఏర్పడి గాజులరామారంలో తమ సొంత పారిశ్రామికవాడ కట్టుకోవడం ఈ నేపథ్యంలోనే చూడాలి. బంధువర్గం ఇవ్వని అండను వాళ్లు సంఘంగా చేరి కూడగట్టుకోవలసి వచ్చింది.

ఐడీపీఎల్ నుంచి

హైదరాబాదు మందుల పరిశ్రమ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పనిచోటు పరిచయాలను ఎలా కంటుందో చూపడానికి మన ప్రాంతంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1961లో కేంద్ర ప్రభుత్వం ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్‌ను స్థాపించింది. సోవియట్ సహకారంతో దాని సింథటిక్ మందుల కర్మాగారం హైదరాబాదుకు వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుల మీద ఉత్పత్తి పేటెంట్లను తీసేసింది. వేరే పద్ధతిలో చేయగలిగితే ఏ మందునైనా చేసుకునే వీలు 2005 దాకా ఉండేది. కల్లం అంజిరెడ్డి 1969 నుంచి 1975 దాకా ఆ కర్మాగారంలో పనిచేశారు. బయటికొచ్చి యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ మొదలుపెట్టారు. అమెరికా నుంచి తిరిగొచ్చిన మురళీ దివి ఆయనతో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేసి, 1990లో తన సొంత సంస్థకు పునాది వేసుకున్నారు. బాలానగర్, జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు చుట్టూ బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టినవాళ్లలో ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఎంతోమంది.

వాళ్లు అక్కడ జీతంతో పాటు సంపాదించిందేమిటి? రసాయన చర్య పుస్తకంలో ఒకలా ఉంటుంది, రియాక్టర్లో ఇంకోలా ఉంటుంది. ఏ దశలో దిగుబడి పడిపోతుంది, వాడిన సాల్వెంటును తిరిగి ఎలా రాబట్టుకోవాలి, అర్ధరాత్రి వాల్వు పట్టేస్తే ఎవరిని లేపాలి, ఇవన్నీ షిఫ్టుల్లోనే తెలుస్తాయి. దానికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. పక్కన పనిచేసే కెమిస్టు బ్యాచ్ రికార్డు నిజాయితీగా రాస్తాడా, పర్చేజ్ విభాగంలో ఉన్నాయన మాట మీద నిలబడతాడా అన్నది కూడా ఆ షిఫ్టుల్లోనే తెలుస్తుంది. రేపు తానొక చిన్న యూనిట్ పెట్టినప్పుడు ఎవరిని భాగస్వామిగా తీసుకోవాలి, ఎవరికి అరువు మీద సరుకు పంపవచ్చు అన్న ప్రశ్నలకు జవాబు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. విజిటింగ్ కార్డులు మార్చుకుంటే ఈ జ్ఞానం రాదు.

ఆ ప్రభుత్వ కర్మాగారం తర్వాతి కాలంలో నష్టాల్లో కూరుకుపోయింది. దాని లాభనష్టాల పట్టికలో ఈ పరిచయాల సంపద ఎక్కడా కనిపించదు. ప్రభుత్వరంగ సంస్థలను అంచనా వేసేటప్పుడు ఇది లెక్కలోకి రాకపోవడం పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతాను. వేర్వేరు జిల్లాలనుంచి, వేర్వేరు కుటుంబాలనుంచి వచ్చినవాళ్లు పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు వెళ్లి అక్కడ చేరారు. బయటికొచ్చి సొంతంగా పెట్టుకునే వేళకు పొలం, కుటుంబం అండ ఉన్నవాళ్లకు పెట్టుబడి సులువైన మాట నిజమే. విద్య, సహచరులు మాత్రం కర్మాగారం ఇచ్చినవే.

అమెరికాలో సిలికాన్ లోయ కథా ఇలాంటిదే. 1957లో ఎనిమిది మంది ఒకే కంపెనీ నుంచి బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. అక్కడినుంచి మళ్లీ ఎన్నో కంపెనీలు పుట్టాయి. బోస్టన్ కంపెనీలు తలుపులు మూసుకుని పనిచేస్తుంటే, ఆ లోయ ఇంజనీర్లు కంపెనీలు మారుతూ, పాత సహోద్యోగులతో మాట్లాడుకుంటూ ముందుకు పోయారని ఆనాలీ సాక్సేనియన్ 1994లో రాసింది. 1980 నుంచి 1998 దాకా ఆ లోయలో మొదలైన టెక్నాలజీ కంపెనీల్లో 24 శాతం భారతీయ, చైనీయ ఇంజనీర్ల నాయకత్వంలో ఉన్నాయని 1999లో లెక్క తేల్చింది కూడా ఆమే. 1992లో అక్కడే పుట్టిన టై సంస్థ, ముందు వెళ్లినవాళ్లు వెనక వచ్చినవాళ్లకు దారి చూపే పద్ధతిని ఒక ఏర్పాటుగా మార్చింది. దాని శాఖ హైదరాబాదులోనూ ఉంది.

విందులో ఏమి జరుగుతుంది

పరిచయాల కోసమే పెట్టే సమావేశాల సంగతి ఇక్కడ తేల్చేయవచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇంగ్రమ్, మైకేల్ మోరిస్ ఒక సాయంత్రపు విందుకు వచ్చిన సుమారు వందమంది వ్యాపారులు, అధికారుల మెడలో ఎలక్ట్రానిక్ బిళ్లలు వేసి, ఎవరు ఎవరితో మాట్లాడారో నమోదు చేశారు. 2007లో ప్రచురించారు. కొత్తవాళ్లను కలవడానికే వచ్చామని ముందే చెప్పినవాళ్లు కూడా ఎక్కువసేపు తమకు తెలిసినవాళ్లతోనే గడిపారు. దీనికి వాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. చేతిలో పని లేకుండా కొత్త మనిషితో మాట కలపడం ఎవరికైనా ఇబ్బందే.

దీనికి పూర్తి భిన్నమైన ఫలితం చైనాలోని నాన్‌చాంగ్‌లో వచ్చింది. జింగ్ కాయ్, ఆడమ్ సైడ్ల్ అక్కడి 2,820 కొత్త కంపెనీలతో ప్రయోగం చేసి 2018లో ప్రచురించారు. లాటరీ పద్ధతిలో కొందరు యజమానులను పదిమంది చొప్పున జట్లుగా చేశారు. ఏడాది పాటు నెలకోసారి జట్టు కలిసేది, ఒకరి కంపెనీకి మరొకరు వెళ్లి చూసేవారు. ఈ జట్లలో ఉన్నవాళ్ల అమ్మకాలు లేనివాళ్లకన్నా 8.1 శాతం పెరిగాయి. సమావేశాలు ఆగిన ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. తమకన్నా పెద్ద కంపెనీలవాళ్లున్న జట్టులో పడ్డవారికి ఎక్కువ లాభం కలిగింది. ఒక్కసారి కలిసి విడిపోయే సమావేశాలకంటే, నెలనెలా కలిసిన జట్లలోనే సరుకిచ్చేవాళ్లు, కొనేవాళ్లు ఒకరికొకరు ఎక్కువగా దొరికారు. పరిశోధకులు కొందరికి ఒక ఉపయోగకరమైన సమాచారం ఇచ్చి అది ఎలా పాకుతుందో కూడా చూశారు. పోటీదారులు ఉన్నచోట అది అంతగా పాకలేదు.

ఈ చివరి సంగతికి మరో పార్శ్వం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి చూస్తే కంటికి కనిపిస్తుంది. ఇంజను పని చేసేవాడు, బాడీ కట్టేవాడు, కమాను కట్టలు వేసేవాడు, లేత్ మిషను నడిపేవాడు, పెయింటు కొట్టేవాడు పక్కపక్కనే ఉంటారు. ఒకరి దగ్గరికి వచ్చిన లారీ మరో నలుగురికి పని తెస్తుంది. ఒకరి పని మరొకరి పనిని పూరించేచోట మాట దాచుకోవలసిన అవసరం ఉండదు.

ఎవరి సలహా పనికొస్తుందన్న దానిమీద మన దేశంలోనే ఒక మంచి ప్రయోగం జరిగింది. ఒక శిక్షణ శిబిరానికి వచ్చిన 100 స్టార్టప్ వ్యవస్థాపకులను లాటరీ పద్ధతిలో జతలు చేసి, మనుషులను ఎలా నడిపించాలన్న విషయం మాట్లాడుకోమన్నారు. సిబ్బందితో క్రమం తప్పకుండా కూర్చుని, లక్ష్యాలు పెట్టి, పనితీరు మీద మాట చెప్పే అలవాటున్నవారితో జతపడ్డవాళ్ల కంపెనీలు రెండేళ్ల తర్వాత 28 శాతం పెద్దవిగా ఉన్నాయి. మూతపడే అవకాశమూ పది శాతం పాయింట్లు తగ్గింది. మేనేజ్‌మెంటు డిగ్రీ ఉన్నవాళ్లకు మాత్రం ఈ సలహా వల్ల మార్పేమీ రాలేదు. 2019లో అచ్చయిన ఈ ఫలితం చదివాక నాకు అనిపించిందేమంటే, మనం ఎప్పుడూ పేరున్న పెద్దమనిషి కోసం ఎదురుచూస్తాం. మనకన్నా నాలుగడుగులు ముందున్న, పద్ధతిగా పనిచేసే మామూలు మనిషి దగ్గర దొరికేది తక్కువేమీ కాదు.

నైరోబీ మురికివాడ డండోరాలో చిన్న వ్యాపారం చేసుకునే మహిళలతో జరిగిన ప్రయోగం దీన్ని బలపరుస్తుంది. తరగతి గదిలో పాఠం విన్నవాళ్ల లాభాలు పెరగలేదు. అదే పేటలో ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న అనుభవజ్ఞురాలి తోడు దొరికినవాళ్ల లాభాలు సగటున 20 శాతం పెరిగాయి. సరుకు ఎక్కడ చవకగా దొరుకుతుందో ఆ పెద్దావిడకు తెలుసు, పాఠం చెప్పేవాళ్లకు తెలియదు. వాళ్ల కలయిక ఆగిపోయాక ఆ లాభమూ క్రమంగా కరిగిపోయింది.

అహమదాబాదులో సేవా బ్యాంకు ఖాతాదారులకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చినప్పుడు, కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితురాలితో కలిసి రమ్మన్నారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం నాలుగు నెలల తర్వాత వ్యాపారం కోసం అప్పు తీసుకోవడం, ఇంటి ఆదాయం పెరగడం కనిపించింది స్నేహితురాలితో వచ్చినవాళ్లలోనే. ఆడవాళ్లు గడప దాటడం మీద కట్టుబాట్లు ఎక్కువున్న కుటుంబాల్లో ఈ ప్రభావం మరింత బలంగా ఉంది. డ్వాక్రా సంఘాలు చూసిన మన పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు. ఒంటరిగా బ్యాంకు మెట్లెక్కడానికి జంకే మనిషి పదిమందితో కలిసి ఎక్కుతుంది. పెట్టుబడి, కబురు, సలహా అని లెక్కపెట్టేవాళ్లు ధైర్యాన్ని లెక్కలో వేయడం మరిచిపోతారు.

వాడుకోవడంలోని బాధ్యత

ఉన్న పరిచయాలను వాడుకోవడం గురించి చెప్పవలసింది కొంచెమే, కానీ దాన్నే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. ఒక మనిషి మనల్ని మూడో మనిషి దగ్గరికి పంపిస్తున్నాడంటే తన మాటను మన కోసం జామీను పెడుతున్నాడు. మనం చెప్పిన రోజుకు సరుకు పంపకపోతే, బిల్లు ఎగ్గొడితే, ఆ మూడో మనిషి నిలదీసేది మనల్ని కాదు, అతన్ని. అందుకని పరిచయం చేయమని అడిగేటప్పుడు ఎందుకు కలవాలనుకుంటున్నామో, ఎంతసేపు కావాలో, ఆ మూడో మనిషికి దీంట్లో ఏమి పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో రాసిస్తే మధ్యలో ఉన్నాయనకు పని తేలికవుతుంది. కాదనే వీలు కూడా ఉంటుంది. కలిశాక ఏమైందో అతనికి చెప్పడం తప్పనిసరి. పని అయినా కాకపోయినా చెప్పాలి. చాలామంది పని కాగానే మధ్యవర్తిని మరిచిపోతారు, రెండోసారి అడగడానికి మొహం చెల్లదు.

పాత పరిచయాలు చల్లారిపోయాయని వదిలేయడం మరో నష్టం. డేనియల్ లెవిన్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, కనీసం మూడేళ్లుగా మాట్లాడని పాత పరిచయస్తులను మళ్లీ పలకరించి, చేస్తున్న పని మీద సలహా అడగమని కంపెనీ అధికారులకు చెప్పారు. ఇప్పుడు దగ్గరగా ఉన్నవాళ్ల సలహాకు ఆ పాతవాళ్ల సలహా తీసిపోలేదు, కొత్త సంగతులు ఎక్కువగా వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఈ మూడేళ్లలో వాళ్లు వేరే లోకంలో తిరిగారు, పాత నమ్మకం మాత్రం పోలేదు. ఇంజనీరింగు కాలేజీ స్నేహితులు, మొదటి ఉద్యోగంలో మేనేజరు, షాపు మూసేసుకుని వేరే ఊరెళ్లిన పాత డీలరు, ఇలాంటివాళ్లే దగ్గరితనాన్నీ దూరాన్నీ ఒకేసారి ఇవ్వగలవాళ్లు. అవసరం పడ్డ రోజునే కాకుండా, అవసరం లేని రోజుల్లో కూడా వాళ్లను పలకరించడం మర్యాద.

పరిచయం మీద ఆధారపడవలసిన పరిస్థితి తగ్గడమే అసలు మంచిదన్న వాదన కూడా ఉంది. నేను దాన్ని గౌరవిస్తాను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆయన మాటిచ్చాడు. ఆ రేవులో చుట్టమూ పక్కమూ లేని పరదేశి వర్తకుడు కూడా ఆ శాసనాన్ని నమ్ముకుని సరుకు దించవచ్చు. ఇప్పటి చట్టాలు చేయవలసిందీ అదే. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకు రావలసిన డబ్బు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. కానీ పెద్ద కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే రేపటి ఆర్డరు పోతుందని భయపడే యజమాని నోరు మెదపడు. చట్టం కాగితం మీదనే ఉన్నంతకాలం, ఆ కంపెనీ అకౌంట్స్ విభాగంలో తెలిసిన మనిషి ఉన్నవాడి బిల్లు ముందు కదులుతుంది.

చట్టం గట్టిగా అమలైనా తీరని అవసరం ఒకటి మిగులుతుంది. ఏ యంత్రం కొనాలి, ఏ పార్టీతో జాగ్రత్తగా ఉండాలి, ఈ ధరకు ఒప్పుకోవచ్చా అన్న ప్రశ్నలకు జవాబు మనుషుల దగ్గరే దొరుకుతుంది. హైదరాబాదులో 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్, 2018లో మహిళల కోసం వీ-హబ్ వచ్చాయి. మంచి పనే. అయితే వాటి వెలుగు హైదరాబాదు చుట్టూ, అందులోనూ టెక్నాలజీ చుట్టూ ఎక్కువ. గుంటూరులో మిర్చి ప్రాసెసింగ్ యూనిట్ పెట్టిన మొదటి తరం మనిషికీ, కరీంనగర్‌లో పదిమంది పనివాళ్లతో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే అమ్మాయికీ నెలనెలా ఎదురుగా కూర్చుని మాట్లాడే పదిమంది కావాలి. ఒకే సరుకు చేసే పోటీదారులు కాకుండా ఒకరి పని మరొకరికి అక్కరకొచ్చేవాళ్లు, కొందరైనా తమకన్నా పెద్ద యూనిట్లు నడిపేవాళ్లు ఆ పదిమందిలో ఉండాలి. కలయిక హోటల్లో కాకుండా ప్రతినెలా ఒకరి షెడ్డులో జరగాలి. నాన్‌చాంగ్ ప్రయోగంలో జరిగింది ఇంతే, దీనికి పెద్ద ఖర్చు లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రాలు ప్రతి ఏడాదీ ఎంతమందికి శిక్షణ ఇచ్చారో లెక్క రాస్తాయి. ఆ లెక్క పక్కనే ఇంకో గడి పెట్టాలి: మొదటి ఏడాది తాము జతకలిపిన జట్లలో ఎన్ని, ఎవరూ పిలవకుండానే రెండో ఏడాది కూడా కలుస్తున్నాయి, ఆ పదిమంది మధ్య ఎన్ని ఆర్డర్లు చేతులు మారాయి.